ఆకలి జన్మస్థానము

తుంగభద్రా తీరమునందలి మంత్రాలయములో శ్రీ రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశము చేసిరి. నాటినుండి అది మాధ్వులకు ముఖ్యక్షేత్రమైనది. మాధ్వ సంప్రదాయములో ఏకాదశి ఉపవాసమునకు గొప్ప ప్రాధాన్యము కలదు. నిష్ఠాపరులు ఆ దినమున అన్నము ముట్టరు. కొందరు మంచినీరైనను పుచ్చుకొనరు. మరునాడు ద్వాదశి ఉదయమున పారణ చేయుదురు. ఉపవాసము అలవాటైన వారికి ఒక సంగతి అనుభవములో తెలియును. మధ్యాహ్న భోజనవేళకు ఆకలి మండును. ఆ వేళ ఎట్లో దాటించినచో, కొంతసేపటికి అది తనంతట తానే అణగిపోవును. కడుపులో మెతుకు పడలేదు. అయినను ఆకలి తగ్గినది. ఇది ఎట్లు సంభవించును?

ఇదే నేల మరియొక విధమైన ఆకలిని కూడ ఎరుగును. అది వ్రతమువలన వచ్చినది కాదు, వానలు లేక వచ్చినది. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును పీడించిన క్షామమును తెలుగువారు ‘ధాత కరువు’ అని పిలిచిరి. అది ప్రారంభమైన సంవత్సరము ధాత నామ సంవత్సరము. ఆ కరువువలన మిక్కిలి నష్టపడిన ప్రాంతములలో కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు ముఖ్యమైనవి. మంత్రాలయము అప్పుడు బళ్లారి జిల్లా ఆదవాని తాలూకాలో ఉండెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆ తాలూకా కర్నూలు జిల్లాలో చేరినది. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ కర్నూలు జిల్లా జనసంఖ్య సుమారు నాలుగవ వంతు తగ్గిపోయెను.

ఆకలి ఎచట పుట్టును, దానిని ఎవరు ఆజ్ఞాపింతురు అను ప్రశ్న శాస్త్రజ్ఞుల వినోదమునకై పుట్టినది కాదని ఈ చరిత్ర చెప్పుచున్నది. దానికి తప్పు సమాధానము చెప్పినప్పుడు మనుష్యులు చనిపోయిరి.

కరువు కూలి వివాదము

క్షామము ముదిరిన పిమ్మట వేలకొలది జనులు ప్రభుత్వము పెట్టిన కరువు పనులకు పోయిరి. రోడ్లు వేయుట, మట్టి త్రవ్వుట, కంకర కొట్టుట వారి పని. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ప్రభువు తన ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసు రాజధానికి పంపెను. అంతకు మూడేండ్ల క్రిందట బీహారు కరువులో టెంపుల్ ధారాళముగ ధాన్యము తెప్పించి ప్రాణనష్టమును నివారించెను; కాని దుబారా చేసెనని పైవారు ఆయనను నిందించిరి. ఈసారి ఆయన పొదుపునే పట్టుకొనెను. పనిచేయు పురుషునకు దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, దానిపైన కొలది పైకమును చాలునని నిర్ణయించెను.

మద్రాసు రాజధాని ఆరోగ్య కమీషనరు డాక్టర్ విలియం కార్నిష్ దీనిని తీవ్రముగ వ్యతిరేకించెను. కష్టించి పనిచేయు మనుష్యునకు కనీసము ఒకటిన్నర పౌను ధాన్యము కావలెను, దానితోపాటు పప్పును కూరగాయలును ఉండవలెను అని ఆయన వాదము. వాదప్రతివాదములు జరుగుచుండగా కూలీలు చిక్కి శల్యమగుచుండిరి. తుదకు మద్రాసు ప్రభుత్వము 1877లోనే భత్యమును 20 ఔన్సుల ధాన్యమునకు పెంచి, ఒకటిన్నర ఔన్సు పప్పును చేర్చెను. ఇది కార్నిష్ కోరినదానికిని టెంపుల్ ఇచ్చినదానికిని నడిమి మార్గము.

వారిలో సత్యము ఎవరి పక్షమున నుండెనో తెలిసికొనుటకు నేడు లెక్క సులభము. ఒక పౌను అనగా 454 గ్రాములు. నూరు గ్రాముల జొన్నలలో సుమారు 340 కాలరీల శక్తి కలదు. కావున టెంపుల్ పౌను జొన్నల విలువ 1,550 కాలరీలకు సమీపము. ఆ కొలది పైకముతో కరువు ధరలలో కొనగలిగినది స్వల్పము.

ఈ సంఖ్య శరీరశాస్త్ర చరిత్రలో మరియొకచోట కనబడును. రెండవ ప్రపంచయుద్ధపు చివరి దినములలో, 1944–45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులగు యువకులను, వారి సమ్మతితోనే, ఇరువదినాలుగు వారములు అర్ధాకలితో నుంచెను. వారికిచ్చిన ఆహారము దినమునకు సుమారు 1,570 కాలరీలు. అనగా 1877లో రాయలసీమ కూలీకి సరిపోవునని టెంపుల్ నిర్ణయించిన తిండియు, 1944లో మనుష్యుని బుద్ధిపూర్వకముగ ఆకలితో మాడ్చుటకు కీస్ ఎన్నుకొనిన తిండియు ఇంచుమించు ఒకటే. కీస్ మనుష్యులు వారమునకు 22 మైళ్లు నడువవలసి యుండిరి. కర్నూలు కూలీలు ఎండలో దినమంతయు రాళ్లు మోసిరి.

మిన్నెసోటాలో జరిగినదేమి? ఆ యువకుల బరువు నాలుగవ వంతు తగ్గెను. విశ్రాంతిగ నున్నప్పుడు శరీరము ఖర్చుచేయు శక్తి సుమారు నూటికి నలుబది వంతులు తగ్గెను. గుండె మెల్లగ కొట్టుకొనెను. చేతులు, కాళ్లు చల్లబడెను. వారు తిండిని గూర్చి తప్ప వేరొక మాట మాటాడలేకపోయిరి, పళ్లెములు నాకిరి, వంట పుస్తకములు చదివిరి. మరల కడుపునిండ తిండి పెట్టినప్పుడు నిండిన కడుపుతో కూడ ఆకలి అనుచునే యుండిరి. వారి క్రొవ్వు పూర్వపు మట్టమును దాటి పెరిగెను. బక్కచిక్కిన శరీరములో నుండి ఎవరో ఆజ్ఞ ఇచ్చుచున్నారు: ఖర్చు తగ్గింపుము, తిండి వెదకుము, దొరికినది దాచుము అని. ఆ ఆజ్ఞాపించువాడు ఎవడు?

పొట్టనుండి మెదడునకు

ఆకలి పొట్టలో పుట్టునని లోకుల నమ్మకము. శాస్త్రజ్ఞులును మొదట అట్లే తలచిరి. 1912లో హార్వర్డులో వాల్టర్ కానన్ తన శిష్యుడగు వాష్‌బర్న్‌చే రబ్బరు బుడ్డను మ్రింగించి, దానిలో గాలి నింపి, జీర్ణకోశపు ముడుతలను నమోదు చేసెను. ఆకలి వేసినదని శిష్యుడు చెప్పిన క్షణముననే జీర్ణకోశము ముడుచుకొనుచుండెను. ప్రశ్న తీరినట్లే కనబడెను. కాని శస్త్రచికిత్సలో జీర్ణకోశమును పూర్తిగ తొలగించిన రోగులకు కూడ ఆకలి కలుగుచునే యుండెను. కడుపులో కరకర ఆకలికి తోడు వచ్చు చప్పుడే కాని ఆకలికి మూలము కాదు.

మూలము మెదడు అడుగుభాగమున దొరకినది. అచట హైపోథాలమస్ అను చిన్న భాగము కలదు. అది బాదముగింజంత. శరీరపు వేడిమి, దాహము, నిద్ర మున్నగువానిని అది కనిపెట్టియుండును. 1940లో చికాగోలో హెథరింగ్‌టన్, రాన్‌సన్ అనువారు ఎలుకల హైపోథాలమస్ నడుమ ఒక చిన్న తావును నాశనము చేయగా, ఆ ఎలుకలు క్రొవ్వి గుండ్రని బంతులవలె నయ్యెను.

1951లో ఒక భారతీయుడు ఈ కథలో ప్రవేశించెను. యేల్ విశ్వవిద్యాలయములో జాన్ బ్రోబెక్‌తో కలిసి పనిచేయుచున్న బాలకృష్ణ ఆనంద్, అదే భాగము యొక్క రెండు ప్రక్కలందు గల తావులను నాశనము చేసెను. ఫలితము తలక్రిందులైనది. ఎలుకలు తిండి ముట్టలేదు. ముందర ఆహారము రాశిగ నున్నను తినక చనిపోయెను. క్షామము పొలములో రానక్కరలేదు, మెదడులో వచ్చినను చాలునని ఆ ప్రయోగము చూపెను. ఆనంద్ పిదప ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో శరీరధర్మ శాస్త్రాచార్యుడయ్యెను. రక్తములో గ్లూకోజు పెరిగినప్పుడు హైపోథాలమస్‌లోని విద్యుచ్చలనములు మారుట ఆయనయు, ఛీనా, బల్‌దేవ్ సింగ్ అను సహచరులును 1962లో ప్రకటించిరి. తినుమను కేంద్రమొకటి, చాలించుమను కేంద్రమొకటి అని నాడు స్థూలముగ విభజించిరి. అచట గల నాడీకణములు అనేక విధములని, అవి ఒకదానితో నొకటి అల్లుకొనియున్నవని తరువాత తెలిసినది. అయినను దారి మెదడునకే పోవునని స్థిరపడెను.

రక్తములో తిరుగు సందేశము

మెదడు చక్రవర్తి యైనచో, దూరప్రాంతములలోని ధాన్యాగారములలో ఎంత నిలువ కలదో వానికి ఎవరు చెప్పుదురు? శరీరమునకు ధాన్యాగారము క్రొవ్వు. 1953లో ఇంగ్లండులో గోర్డన్ కెన్నెడీ, క్రొవ్వునుండియే ఏదో వార్త రక్తములో మెదడునకు పోవుచుండవలెనని ఊహించెను. ఒక అవయవమునుండి బయలుదేరి రక్తములో ప్రయాణించి వేరొక అవయవమును నడుపు పదార్థమునకు ‘హార్మోను’ అని స్టార్లింగ్ 1905లోనే పేరు పెట్టియుండెను. ఆ హార్మోను ఏది?

అమెరికాలోని జాక్సన్ ప్రయోగశాలలో రెండు వంశముల చిట్టెలుకలు పుట్టుకతోనే అతిగ తిని స్థూలకాయములగుచుండెను. డగ్లస్ కోల్‌మన్ వానిని ఇతర చిట్టెలుకలతో జంటలుగ కుట్టి, రక్తము ఒకదానినుండి మరియొకదానికి పారునట్లు చేసెను. మొదటి వంశపు చిట్టెలుక మామూలు చిట్టెలుకతో కలిసినప్పుడు తిండి తగ్గించి చిక్కెను. రెండవ వంశపు దానితో కలిసిన మామూలు చిట్టెలుక తిండి మాని చనిపోయెను. కోల్‌మన్ 1973 నాటికి దీని అర్థమును వివరించెను. మొదటిదానికి ‘చాలును’ అను సందేశము పంపు శక్తి లేదు. రెండవదానికి ఆ సందేశము దండిగ నున్నను వినుశక్తి లేదు.

ఆ సందేశము చేతికి చిక్కుటకు మరి ఇరువది యేండ్లు పట్టినది. 1994లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందము ఆ జన్యువును కనుగొనెను. క్రొవ్వుకణములే ఉత్పత్తిచేయు ఆ హార్మోనునకు, సన్నదనమును తెలుపు గ్రీకు మాటనుండి, ‘లెప్టిన్’ అని పేరిడిరి. 1999లో జపానులో కొజిమా, కాంగావా అనువారు జీర్ణకోశము నుండి వెడలు మరియొక హార్మోనును కనిపెట్టిరి. దాని పేరు ‘గ్రెలిన్’. లెప్టిన్ ‘నిలువ కలదు’ అని చెప్పగా, గ్రెలిన్ ‘భోజనవేళ యైనది’ అని చెప్పును. ఇట్లు కానన్ గెంటివేయబడిన వాకిటనుండి జీర్ణకోశము మరల లోనికి వచ్చినది. యజమానిగ గాక వార్తాహరునిగ వచ్చినది.

ఏకాదశి ఆకలి రహస్యము ఇచటనే విడిపోవును. గ్రెలిన్ మనుష్యుడు అలవాటుగ భుజించు వేళలకు రక్తములో పెరుగును. తినకపోయినను, ఆ వేళ దాటిన తరువాత అది తగ్గుననియే ఉపవాస పరిశీలనలలో తేలినది. ఉపవాసి యెరిగిన అల అదియే. ఈలోపల కాలేయము తన యందు దాచిన గ్లైకోజన్‌ను గ్లూకోజుగ మార్చి రక్తమున కందించును. ఆ నిలువ ఒక దినమునకు ఇంచుమించు సరిపోవును. క్లోమము విడుచు ఇన్సులిన్ తగ్గును, గ్లూకగాన్ పెరుగును, క్రొవ్వు కరగి ఇంధనమగును. ఆరోగ్యవంతునకు ఒక పూట, ఒక దినము ఉపవాసము ఇట్లు సుఖముగనే గడచును. ఇన్సులిన్‌ను గాని, రక్తములోని చక్కెరను తగ్గించు మాత్రలను గాని వాడుచున్న మధుమేహ రోగి మాత్రము వైద్యుని అడుగక ఉపవసింపరాదు. వానికి చక్కెర ప్రమాదకరముగ పడిపోవచ్చును.

హైదరాబాదు ఎలుకలు

ఈ పరిశోధనకు తెలుగునేలపై కూడ ఒక చరిత్ర కలదు. దాని ప్రారంభము నీలగిరులలో జరిగినది. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ కూనూరులో బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక చిన్న కేంద్రమును స్థాపించెను. మనదేశపు వేర్వేరు ప్రాంతముల ఆహారములను ఎలుకలకు పెట్టి, గోధుమరొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్నవి దృఢముగ పెరుగుటయు, పాలిషు బియ్యమే ప్రధానముగ తిన్నవి బలహీనమగుటయు ఆయన చూపెను. ఆ కేంద్రము పెరిగి 1958లో హైదరాబాదునకు తరలినది. 1969లో దానికి జాతీయ పోషకాహార సంస్థ అను పేరు వచ్చినది.

1920 నుండి తరతరములుగ పెంచుచున్న విస్టార్ జాతి ఎలుకలు కూడ ఆ సంస్థతో హైదరాబాదు చేరినవి. 1996లో వానిలో ఒక విశేషము కనబడెను. కొన్ని ఎలుకలు పుట్టిన అయిదారు వారములకే లావెక్కనారంభించెను. ఎవరును వానికి నేయి పెట్టలేదు, చక్కెర పెట్టలేదు. తక్కిన ఎలుకలు తినునట్టి తిండియే అవియు తినుచుండెను, కాని చాల ఎక్కువగ తినుచుండెను. వానిని వేరుచేసి సంస్థ శాస్త్రజ్ఞులు ప్రత్యేక వంశములుగ వృద్ధిచేసిరి. వానిలో కిలోకు మించి తూగినవి కూడ కలవు. వాని రక్తములో ఇన్సులిన్, క్రొవ్వుపదార్థములు అధికము. ఒక వంశమునకు గ్లూకోజును సరిగ వాడుకొను శక్తియు తక్కువ. వానికి సంతానము కలుగదు, ఆయువును తక్కువ.

వాని రక్తములో లెప్టిన్ కొరత లేదు, మిక్కుటముగనే యున్నది. ‘చాలును, చాలును’ అని క్రొవ్వు కేకవేయుచున్నను మెదడు వినుట లేదు. స్థూలకాయులగు మనుష్యులలో అత్యధికుల స్థితియు ఇట్టిదే. లెప్టిన్ పుట్టుకతో లేనివారు అతిస్వల్పము. వారికి లెప్టిన్ సూదిమందు అద్భుతముగ పనిచేయుటను 1999లో ఇంగ్లండులో చూపిరి. తక్కినవారికి ఆ మందువలన ప్రయోజనము కొలదియే.

శరీరము కాపాడునది దేనిని?

ఈ ఏర్పాటులో ఒక పక్షపాతము కలదు. క్రొవ్వు తగ్గి లెప్టిన్ పడిపోయినప్పుడు మెదడు అత్యవసరముగ మేల్కొనును. ఆకలి పెంచును, ఖర్చు తగ్గించును. క్రొవ్వు పెరిగినప్పుడు మాత్రము అంత గట్టిగ అడ్డుపడదు. జీవుల చరిత్రలో కరవు తరచుగ వచ్చినది, నిత్యసమృద్ధి అరుదు. కావలివాని చూపు ఎల్లప్పుడు కొట్టు ఖాళీ యగుచున్నదా అనుదానిపైననే గాని, కొట్టు పొర్లుచున్నదా అనుదానిపైన లేదు.

దీనివలన తెలియున దేమన, బరువు తగ్గించుకొన్నవాడు మరల పెరుగుట సోమరితనము మాత్రమే కాదు. 2011లో మెల్‌బోర్న్ శాస్త్రజ్ఞులు పది వారముల కఠిన పథ్యముతో బరువు తగ్గినవారిని పరీక్షించిరి. ఏడాది గడచిన తరువాత కూడ వారి లెప్టిన్ తక్కువగ, గ్రెలిన్ ఎక్కువగ నుండెను. ఆకలియు అట్లే హెచ్చుగ నుండెను. మిన్నెసోటా యువకుని, ధాత కరువు కూలీని కాపాడుటకు యత్నించిన ఆ కావలివాడే, బరువు తగ్గదలచిన గుమాస్తాకు అడ్డుపడుచున్నాడు.

మెట్టసీమలో నేడు

రాయలసీమ మెట్టపొలములలో పూర్వము జొన్న, కొర్ర, ఆరిక, సామ, రాగి పండెడివి. జొన్నరొట్టె, సంగటి పేదల ఆహారము. వరి అన్నము పండుగనాటి భోజ్యము. కాలక్రమమున వేరుశనగ పొలములను ఆక్రమించినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. పేదవాని పళ్లెములోనికి తెల్లని అన్నము దినదినము చేరినది. అది ఆకలిని తీర్చిన మేలు, దానిని తక్కువచేయరాదు. కాని పీచు పోయిన పాలిషు బియ్యము త్వరగ జీర్ణమై రక్తములో చక్కెరను వడిగ పెంచును. కాయకష్టము తగ్గి, అన్నము పెరిగి, పప్పు కూర తగ్గినచోట మధుమేహమునకు దారి ఏర్పడును.

భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన దేశవ్యాప్త పరిశీలన ప్రకారము మనదేశమున 10 కోట్లకు మించిన జనులు మధుమేహ రోగులు. అనగా పెద్దలలో నూటికి పదకొండుగురికి పైగా. పల్లెలును దీనికి వెలుపల లేవు. పూనాలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందము మరియొక సంగతిని గమనించెను. అచటి పసిపాపల బరువు సగటున 2.7 కిలోలు, ఇంగ్లండు పసిపాపలది 3.5 కిలోలు. కాని తగ్గినది కండ మున్నగునవే. చర్మము క్రింది క్రొవ్వు అంతగ తగ్గలేదు. గర్భములో పోషణ చాలని శిశువు క్రొవ్వును కాపాడుకొని పుట్టును. అట్టివానికి పెద్దవాడైన తరువాత కొలది బరువు పెరిగినను మధుమేహభయము హెచ్చు. 1877 నాటి కరువే నేటి మధుమేహమునకు కారణమని చెప్పుటకు ఆధారము లేదు. గర్భిణికి చాలినంత తిండి లేకపోవుటయు, పెద్దవానికి ఎక్కువ తిండి యగుటయు రెండు వేర్వేరు సమస్యలు కావు, ఒకే త్రాటి రెండు కొనలని మాత్రము చెప్పవచ్చును.

ఇటీవలి మందులును ఈ హార్మోనుల చరిత్రలోనివే. భోజనానంతరము చిన్నప్రేవుల చివరిభాగమునుండి వెడలు జి.ఎల్.పి.–1 అను హార్మోను ఇన్సులిన్‌ను ప్రేరేపించును. మెదడునకు ‘చాలును’ అని తెలుపును. రక్తములో అది కొలది నిమిషములే నిలుచును. దానిని పోలి, వారమంతయు నిలుచునట్లు చేసిన సెమాగ్లూటైడ్ అను మందు అమెరికాలో 2017లో మధుమేహమునకు, 2021లో స్థూలకాయమునకు అనుమతి పొందెను. దానితో ఎందరికో ఆకలి తగ్గినది, బరువు తగ్గినది. మందు మానినచో బరువు చాలవరకు మరల వచ్చుచున్నది. కావలివాడు నిద్రించెనే గాని ఉద్యోగము మానలేదు. వైద్యుని పర్యవేక్షణ లేక ఇట్టి మందులు వాడుట ప్రమాదకరము.

నూటయేబది యేండ్ల ఈ చరిత్రలో ఒక పొరపాటు రెండు వేషములలో కనబడును. కరువు పనిలో కూలీ కూలబడినప్పుడు, ఒక పౌను ధాన్యము చాలదా అని అధికారి ప్రశ్నించెను. నేడు లావైనవాడు బరువు తగ్గలేకపోయినప్పుడు, నోరు కట్టుకొనరాదా అని ఇరుగుపొరుగువారు ప్రశ్నింతురు. ఇద్దరును ఆకలిని మనుష్యుని ఇష్టానిష్టములకు లోబడినదిగ భావించిరి. ఏకాదశినాటి ఉపవాసి ఒక దినమున ఆకలిని ఓర్చుకొనగలడు. అది నిజమైన నిగ్రహమే. కాని మరునాడు పారణ కలదని అతడెరుగును. పారణ లేని ఆకలిని నెలలతరబడి ఏ నిగ్రహమును గెలువజాలదు. శరీరము దానిని గెలువనీయదు. డాక్టర్ కార్నిష్‌కు లెప్టిన్ తెలియదు, గ్రెలిన్ తెలియదు. ఎదుటనున్న శరీరములను చూచి, వానికి ఇంత కావలెనని ఆయన లెక్కకట్టెను. గర్భిణికి, కూలీకి, మధుమేహ రోగికి ఏమి పెట్టవలెనని నిర్ణయించువారు నేటికిని మొదట చేయవలసిన పని అదియే.